దరఖాస్తు నుండి ఉత్తర్వు వరకు: ఫైలు నడిచే దారి

(ప్రభుత్వ ఉద్యోగాలలో కొత్తగా చేరిన ముస్లిం యువతీయువకులు, వారి కుటుంబాల కోసం ఏర్పాటైన సమావేశంలో రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మేము తహసీల్దారు కార్యాలయాలలోను, కలెక్టరేట్లలోను పనిచేసి పదవీ విరమణ పొందిన కొద్దిమందిమి. హక్కుల గురించి మాకంటె బాగా మాట్లాడగల వారు ఈ వేదికపై ఉన్నారు. ఆ హక్కు కాగితమై ఒక కార్యాలయపు బల్లమీదికి వచ్చాక దానికి ఏమి జరుగుతుందో మాత్రం మేము దశాబ్దాలుగా చూశాము. ఆ సంగతే చెప్పదలచుకున్నాము.

ముందుగా మా వీధిలోని ఒక కుర్రవాని విషయం. ఉద్యోగ ప్రకటన వెలువడింది. బి.సి.-ఇ ధ్రువపత్రం కావాలి. కార్యాలయానికి వెళ్లాడు. తండ్రి బడి రికార్డులో కులం గడి ఖాళీగా ఉంది, మరేదైనా ఆధారం తెమ్మన్నారు. తెచ్చాడు. ఇంకొకరు, పేరు ముందు షేక్ అని ఉన్నంత మాత్రాన చాలదు, విచారణ జరగాలన్నారు. అయిదుసార్లు తిరిగాడు. గడువు దాటిపోయింది. అప్పుడు మా దగ్గరకు వచ్చి, నా దరఖాస్తును తిరస్కరించారు, అప్పీలు రాసిపెట్టండి అన్నాడు. వివరాలు కనుక్కొంటే తెలిసినదేమిటంటే, ఎవరూ తిరస్కరించలేదు. అతడు దరఖాస్తే చేయలేదు. అయిదుసార్లూ అడిగాడు, అయిదుసార్లూ జవాబు విని తిరిగివచ్చాడు. ఒక్క కాగితమూ లోపలికి వెళ్లలేదు. రికార్డు ప్రకారం అతడు ఆ గడప తొక్కనే లేదు.

అక్కడి సిబ్బంది తప్పు లేదని మేము అనడం లేదు. ఉంది. కాని ఆ తప్పును ఎవరికి, దేనితో చూపించగలం? నోటిమాటపై అప్పీలు లేదు. రాతపూర్వకంగా కాదన్నప్పుడే పై అధికారి దగ్గరకు దారి తెరుచుకుంటుంది.

కార్యాలయంలో కాగితం నడక ఇలా ఉంటుంది. వచ్చిన ప్రతి కాగితమూ తపాలులో చేరుతుంది. దానికి నంబరు పడుతుంది. ఆ నంబరుతో సంబంధిత సెక్షన్‌కు వెళ్లి, అక్కడి గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ఆ తరువాతనే ఫైలు మొదలవుతుంది. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చింది, ధ్రువపత్రాల దరఖాస్తులు మీసేవలోనో సచివాలయంలోనో తీసుకుంటున్నారు. పద్ధతి మారినా సూత్రం అదే. నంబరు పడని కాగితానికి ఎవరూ బాధ్యులు కారు. నంబరు పడిన కాగితాన్ని ఏదో ఒక విధంగా ముగించక తప్పదు. కనుక పత్రాలలో లోపమున్నదని కౌంటరులో ఎవరైనా అంటే, వాదనకు దిగవలసిన పని లేదు. దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకొని, ఆ లోపమేమిటో ఎండార్స్‌మెంటుగా రాసి ఇమ్మని మర్యాదగా అడగండి.

మన రిజర్వేషన్ చరిత్ర కూడ ఒక విధంగా ఈ పాఠమే చెబుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. ద్వారా 5 శాతం ఇచ్చింది. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించలేదన్న కారణంగా హైకోర్టులో అది నిలువలేదు. 2005లో కమిషన్ నివేదిక తీసుకొని చట్టమే చేశారు. వెనుకబాటును నిర్ధారించిన తీరు సరిగా లేదని అదీ పోయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారు ముస్లింలందరినీ ఒకే ముద్దగా తీసుకోకుండా, ఏ వృత్తివారు, ఏ సమూహంవారు ఎందుకు వెనుకబడ్డారో వేరువేరుగా చూపించారు. కమిషన్ కూడ పరిశీలించింది. ఆ పునాదిపై 4 శాతంతో బి.సి.-ఇ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది గాని, అదే సంవత్సరం మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. మొదటి రెండు ప్రయత్నాలలోను సదుద్దేశానికి కొరత లేదు. ఫైలులో ఉండవలసినది లేకపోయింది.

ఇక్కడ ఒక మాట సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలతో. మీరు బి.సి.-ఇ జాబితాలో లేరు. అందుచేత మాకేమీ లేదని పిల్లలను జనరల్‌లోనే పంపుతున్న తల్లిదండ్రులను ఇప్పటికీ చూస్తున్నాము. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం వచ్చింది. దానికి మతం అడ్డు కాదు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు లోబడి ఉండాలి, కేంద్ర ఉద్యోగాలకైతే ఆస్తి నిబంధనలు కూడ ఉన్నాయి. అయితే ఆ పత్రం ఏటేటా కొత్తగా తీసుకోవాలి. అలాగే రాష్ట్ర బి.సి. జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు, నమూనా పత్రమూ వేరు. రాష్ట్ర ఉద్యోగానికి తీసుకున్న పత్రాన్ని రైల్వే ఉద్యోగానికి జతచేసి నష్టపోకండి.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాలలో చేరిన మీతో.

మీకు వచ్చే మొదటి కష్టం బయటినుండి కాదు, బంధువులనుండి వస్తుంది. మనవాడు సీటులో ఉన్నాడు కదా అని వస్తారు. రెండవ కష్టం మీ మనస్సులోనిది. మనవారి ఫైలు ముందు కదిలిస్తే పక్షపాతమంటారేమోనన్న భయంతో దానిని అడుగున పెట్టిన ఉద్యోగులు ఉన్నారు. మాలోనూ ఉండేవారు. దాచుకోవడమెందుకు, మేము కూడ ఒకటి రెండుసార్లు ఆ పని చేశాము. పేదరాలి దరఖాస్తు వరుసలో ఎనిమిదవది. దానిని ఎనిమిదవదిగానే పంపవలసింది. మా పేరు నిలబెట్టుకోవడానికి ఆమెను పదిహేనవ స్థానానికి నెట్టాము. అది నిజాయితీ కాదు.

వరుస తప్పించకుండా చేయగల మేలు ఒకటుంది. అది మంచి నోటు రాయడం. అధికారి మనిషిని చూడడు, నోటును చూస్తాడు. దరఖాస్తుదారు ఏమి అడిగారు, రికార్డులో ఏముంది, ఏ నిబంధన వర్తిస్తుంది, లోగడ ఇటువంటి సందర్భంలో ఏమి ఉత్తర్వు ఇచ్చారు, ఇప్పుడు ఏమి ప్రతిపాదిస్తున్నాము అన్నవి క్రమంగా రాయాలి. “ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది” అని ఒక్క ముక్క రాసి పైకి తోస్తే, “చర్చించండి” అని తిరిగివస్తుంది. ఆ రెండు మాటల మధ్య ఒక కుటుంబానికి నెల గడిచిపోతుంది.

నియామకాల సెక్షన్లలో కూర్చునేవారు రోస్టరు రిజిస్టరును స్వయంగా చదవండి, పాత పుటలతో సహా. నూరు పాయింట్లలో నాలుగు బి.సి.-ఇవి. బహిరంగ పోటీలో సొంత మార్కులతో ఎంపికైన బి.సి.-ఇ అభ్యర్థిని ఆ నాలుగింటిలో లెక్కించకూడదని 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు నుండి స్పష్టంగా ఉంది. అయినా ప్రతిభతో గెలిచిన అమ్మాయిని కోటాలో చూపిస్తే, కోటాలో రావలసిన మరొక బిడ్డ ఇంటివద్దనే ఉండిపోతుంది. ఏ దురుద్దేశమూ లేకుండానే ఇది జరగవచ్చు, గడి నింపిన చేతికి నియమం తెలియకపోతే చాలు.

మీ సర్వీసు రిజిస్టరు మొదటి పుట కూడ చూసుకోండి. మన పేర్లు మనకే శత్రువులు. ఒకచోట షేక్, ఒకచోట ఎస్.కె., ఒకచోట మహమ్మద్, మరొకచోట ఎండి. భార్య పేరు ఒక పత్రంలో బీ, మరొక దానిలో బేగం. ఉద్యోగి బ్రతికి ఉన్నంతకాలం ఇవి ఎవరికీ పట్టవు. ఆయన పోయిన తరువాత కుటుంబ పింఛను ఫైలులో, ఈ బీ ఆ బేగం ఒకరేనా అని ప్రశ్న పడుతుంది. ఇద్దత్ పూర్తికాని స్త్రీని ఆ ప్రశ్నకు జవాబుగా అఫిడవిట్ తెమ్మనడం మేము చూశాము. పదవ తరగతి ధ్రువపత్రంలోని పేరును ఆధారంగా పెట్టుకొని మిగిలినవన్నీ ఇప్పుడే దానికి కలిపించండి. వివాహం కాగానే నామినేషన్ మార్చండి. అది తండ్రి పేరు మీదనే మిగిలిపోతే కోడలు, మామగారు రెండు వైపులా నిలబడవలసివస్తుంది.

ఇక దరఖాస్తు నెలలు గడిచినా కదలని కుటుంబాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రాలలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో జవాబు రావాలి. రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా, మరి 30 రోజులలోపు మొదటి అప్పీలు వేయాలి. అయితే ఎలా అడగాలో తెలిసి ఉండాలి. “నా పని ఎందుకు చేయలేదు” అని రాస్తే అది సమాచారం కాదని తిప్పిపంపుతారు. ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన నా దరఖాస్తు ఏ రోజున ఎవరి వద్ద ఉన్నది, దానిపై రాసిన నోటు పుటల నకళ్లు ఇప్పించండి అని అడగండి. చాలా సందర్భాలలో నకలు రాకముందే పని కదులుతుంది. ఎందుకో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పూట మేము ఇక్కడే ఉంటాము. అసర్ నమాజు తరువాత వెనుక గదిలో నాలుగు బల్లలు వేయిస్తున్నారు. పెండింగు పనులున్నవారు రసీదులతో రండి. రసీదు లేనివారు కూడ రండి, తెల్లకాగితాలు మా దగ్గర ఉన్నాయి.