రేచీకటి: కంటి లోపల ఏం జరుగుతుంది?

(రోగుల కుటుంబ సభ్యులకు ఆసుపత్రి నర్సు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. లైట్లున్న షెడ్డులో నుండి చీకట్లోకి రాగానే కాసేపు ఏమీ కనబడదు. మెల్లమెల్లగా దారి తెలుస్తుంది. ఎందుకని?

కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంది. మసక వెలుతురులో చూడడానికి అందులో కోట్లాది కణాలున్నాయి. వాటిలో రొడాప్సిన్ ఉంటుంది. ఇది ఒక జత. ఒకటి ఆప్సిన్ అనే ప్రొటీను. రెండోది దాని లోపల ఒదిగి ఉండే రెటినాల్. ఈ రెటినాల్ విటమిన్ 'ఎ' నుండే తయారవుతుంది.

వెలుతురు తగలగానే వంగి ఉన్న రెటినాల్ నిటారుగా సాగుతుంది. దాంతో ప్రొటీను ఆకారం మారుతుంది. ఆ మార్పు వల్ల పుట్టిన సంకేతం నరం ద్వారా మెదడుకు చేరి చూపు అవుతుంది. తర్వాత జత విడిపోతుంది. మళ్లీ కలిస్తేనే చీకట్లో చూడగలం. బాగా వెలుతురు చూశాక పూర్తిగా కుదురుకోవడానికి అరగంట దాకా పడుతుంది. చూపులో విటమిన్ 'ఎ' పాత్రను తెలిపిన జార్జ్ వాల్డ్‌కు మరి ఇద్దరితో కలిపి 1967లో నోబెల్ బహుమతి వచ్చింది.

శరీరంలో విటమిన్ 'ఎ' తక్కువైతే ఈ జత సరిగా కుదరదు. అదే రేచీకటి. మాపటి పూట మిగతా పిల్లలు ఆడుకుంటుంటే మీ బిడ్డ తడుముకుంటున్నాడా? ఎదురుగా ఉన్న పళ్లెం కనబడడం లేదా? తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ ఉందా? కాటుక పెట్టి, పసరు పోసి ఊరుకోకండి. వెంటనే తీసుకురండి. ఈ దశలో మందిస్తే చూపు త్వరగా తిరిగి వస్తుంది. ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి, పుండుపడి, చూపు శాశ్వతంగా పోవచ్చు.

మన దేశంలో 1970 నుండి ప్రభుత్వం పిల్లలకు విటమిన్ 'ఎ' ద్రావణం ఇస్తోంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, పదహారో నెల నుండి అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు. తట్టు సోకిన పిల్లలకు, చాలా రోజులు విరేచనాలైన పిల్లలకు లోపం త్వరగా వస్తుంది. వాళ్లను తప్పక చూపించండి.

ఇంట్లో మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు పెట్టండి. కూరలో కాస్త నూనె ఉండాలి, అప్పుడే ఒంటికి పడుతుంది.

రెండు జాగ్రత్తలు. గర్భిణులు ఎక్కువ మోతాదు విటమిన్ 'ఎ' సొంతంగా వాడితే కడుపులోని బిడ్డకు హాని. అలాగే కొందరికి రేచీకటి వంశపారంపర్యంగా వస్తుంది, మేనరికాల్లో ఇది ఎక్కువ. అది ఆకుకూరలతో తగ్గదు. కంటి డాక్టరే తేల్చాలి.

ఈ రోజు చీకటి పడే వేళ మీ పిల్లల నడక ఒకసారి గమనించండి.