అరకు ఘాట్‌కి బడ్జెట్ గ్రావెల్ బైక్: పదివేలుంటే ముందు ఏం మార్చాలి?

ఈ ఎపిసోడ్ ఒక పదివేల రూపాయల గురించి. మా బాబాయి కొడుకు ఈ మధ్యే గ్రావెల్ బైక్ కొన్నాడు. బడ్జెట్ బైకే. అల్యూమినియం ఫ్రేమ్, ముందు 50, 34 పళ్ల చైన్‌రింగ్‌లు, వెనక 8 గేర్ల క్యాసెట్, అందులో పెద్ద చక్రం 32 పళ్లు, కేబుల్ డిస్క్ బ్రేకులు. చలికాలంలో టెంట్ కట్టుకుని వైజాగ్ నుంచి అరకు వెళ్దామని ప్లాన్. "అన్నా, పదివేలు పక్కన పెట్టా. లైట్ వెయిట్ సీట్‌పోస్ట్, హ్యాండిల్‌బార్ వేయిస్తా, అర కేజీ తగ్గుద్ది" అన్నాడు. "ఆగరా, ముందు లెక్క చూద్దాం" అన్నాను.

రూట్ తెలియని వాళ్లకి: వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోట వరకు రోడ్డు పెద్దగా ఇబ్బంది పెట్టదు. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుద్ది. టైడా, అనంతగిరి మీదుగా ఎక్కుతూనే ఉంటాం. అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అంతే ఎక్కాలి అనుకుంటారు. కాదు. గాలికొండ దగ్గర రోడ్డు అరకు కన్నా పైకి వెళ్లి, సుంకరమెట్ట వైపు మళ్లీ దిగుద్ది. సగటు ఏటవాలు చూస్తే భయం వేయదు. హెయిర్‌పిన్ మలుపుల లోపలి వైపు మాత్రం ఒక్కసారిగా నిలబడిపోద్ది.

ఇప్పుడు లెక్క. మనిషి 70 కేజీలు, బైక్ 12, లగేజీ 13. మొత్తం 95. ఇందులో అర కేజీ అంటే నూట తొంభయ్యో వంతు. రెండున్నర గంటల ఎక్కుడులో మిగిలేది నిమిషం కూడా కాదు. ఆ నిమిషానికి పదివేలా?

అసలు సమస్య గేరు. రోజూ జిమ్‌కి వెళ్లని మామూలు మనిషి గంటల తరబడి 150 వాట్లు తొక్కగలడు అనుకుందాం. 8 శాతం ఏటవాలు మీద ఈ 95 కేజీలతో ఆ పవర్‌కి వచ్చే స్పీడ్ గంటకి ఆరున్నర కిలోమీటర్ల చిల్లర. ముందు 34, వెనక 32 గేరులో ఆ స్పీడ్ అంటే పెడల్ నిమిషానికి 48 సార్లే తిరుగుద్ది. పవర్ అంతే ఉండి తిరగడం తగ్గిందంటే ప్రతి తొక్కుకీ బలం ఎక్కువ పెట్టాలి. ఆ భారం మోకాలి మీద పడుద్ది. నిలబడి తొక్కొచ్చు అంటారా? వెనక బ్యాగులు ఊగుతుంటే ఎంతసేపు?

వెనక 34 పళ్ల క్యాసెట్ వేస్తే 48 కాస్తా 51 అవుద్ది. పెద్ద తేడా లేదు. 11 నుంచి 40 పళ్ల క్యాసెట్ వేస్తే 59! అదీ మార్పంటే. 8 స్పీడ్‌లో 40 పళ్లది దొరుకుద్ది, పాత షిఫ్టర్లే పనిచేస్తాయి. వెనక డిరైలర్ అంత పెద్ద చక్రానికి అందకపోతే హ్యాంగర్ ఎక్స్‌టెండర్ అని చిన్న మెటల్ ముక్క ఉంటుంది, డిరైలర్‌ని కిందికి దించుద్ది. చైన్ పొడవు మాత్రం ముందు పెద్దది, వెనక పెద్దది పడినా తెగకుండా ఉండేలా కట్టించాలి. అప్పుడు ముందు చిన్నది, వెనక చిన్నది వేస్తే చైన్ వేలాడుద్ది. ఆ కాంబినేషన్ వాడకండి, అంతే. క్యాసెట్, ఎక్స్‌టెండర్, కొత్త చైన్ కలిపి మావాడికి పదివేలలో సగం కూడా అవలేదు.

ఎక్కడం గురించి ఇంత మాట్లాడతాం గానీ, ప్రాణం మీదకి వచ్చేది దిగేటప్పుడే. 95 కేజీలు 900 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు రెండున్నర లీటర్ల నీళ్లు మరిగించేంత. కొంత గాలి లాక్కుంటుంది, మిగతాదంతా ఆ చిన్న బ్రేక్ ప్యాడ్‌ల మీదే. పాత ప్యాడ్‌లతో వెళ్లొద్దు. మెటల్ ప్యాడ్‌లు వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ డిస్క్ మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని రాసి ఉంటే అవి వేయకూడదు, డిస్క్ అరిగిపోద్ది. ఇంకోటి. బడ్జెట్ కేబుల్ బ్రేకుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడే కదులుద్ది. రెండోది అరిగేకొద్దీ లోపలివైపు స్క్రూ తిప్పి దగ్గరికి తేవాలి. అది చేయకపోతే లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చేస్తుంది, అదీ మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడే! బ్రేకు పట్టుకునే దిగకండి. మలుపు ముందే గట్టిగా తగ్గించి వదిలేయండి, డిస్క్‌కి చల్లారే టైమ్ దొరుకుద్ది. ఒక జత ప్యాడ్‌లు బ్యాగులో ఉంచుకుని, మార్చడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి.

టైర్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. 38 ఎంఎం ఉంటే చాలు, రాయిలా గాలి కొట్టించకండి. మిగిలిన డబ్బుతో ముందు, వెనక మంచి లైట్లు కొనండి. పొద్దున్నే అనంతగిరి పొగమంచులో జీపు డ్రైవర్‌కి మీరు కనపడాలి కదా.

తమ్ముడి బైక్ మొన్న శనివారం రెడీ అయింది. ఈ ఆదివారం పూర్తి లగేజీతో కైలాసగిరి రోడ్డు ఎక్కించి చూస్తున్నాం. 40 పళ్ల గేరులో చైన్ ఎక్కడైనా జారితే అక్కడే తెలిసిపోవాలి, టైడా దాటాక కాదు. ఆ వీడియో నెక్స్ట్ ఎపిసోడ్‌లో పెడతాను. బై ఫ్రెండ్స్.