ఖాతా పుస్తకాల్లో రాజ్యాంగకర్త
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)



దుర్గాబాయి గారి పేరిట మాట్లాడే అవకాశం నాకు దక్కిన గౌరవం. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు, 1981లో కన్నుమూశారు. బాల్యవివాహం, దాన్నుంచి బయటపడటం, ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు, రాజ్యాంగ సభ, 1953లో చింతామన్ దేశ్‌ముఖ్ గారితో పెళ్ళి, పద్మవిభూషణ్ అన్నీ మీకు తెలిసినవే. కాకినాడలో టికెట్ లేదని నెహ్రూ గారిని ఆపిన కథ కూడా ఇవాళ చెప్పను.

ఆమెకు నేను పడ్డ బాకీ వేరు. మా అమ్మ ఇద్దరు పిల్లలు పుట్టాక, చదువు ఆగిపోయిన స్త్రీల కోసం ఆమె చొరవతో వచ్చిన కండెన్స్‌డ్ కోర్సులో చేరి మెట్రిక్ ప్యాసైంది. పంజగుట్టలో మాది రెండు గదుల వాటా. రాత్రి అంట్లు తోమడం అయ్యాక వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో త్రిభుజాలు గీసుకునేది. పొద్దున మాకు ఆ త్రిభుజాల మీదే పీటలు వేసేది. నివాళి ఇంతే. ఇక నా పేచీకి వస్తాను.

దుర్గాబాయి జీవితాన్ని మనవాళ్ళు రెండు ముక్కలు చేసి రాస్తారు. మొదటి ముక్క రాజకీయం, 1952 ఎన్నికల్లో ఓటమితో అది ముగుస్తుంది. రెండోది సంఘసేవ. ఢిల్లీలో చట్టాలు చేసిన మనిషి ఓడిపోయి అనాథల దగ్గరికీ కుట్టుమిషన్ల దగ్గరికీ వచ్చేసిందన్న ధ్వని అందులో వినిపిస్తుంది. ఈ కథనం తప్పని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను.

తేదీలు చూడండి. ఆంధ్ర మహిళా సభ మద్రాసులో 1937లో మొదలైంది. రాజ్యాంగ సభ కూర్చున్నది 1946 డిసెంబరులో. అంటే సేవ ముందు, శాసనం తర్వాత. మహిళా సభకు మూలం ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే పిల్లల సంఘం. దాని వెంటే చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసే తరగతులు వచ్చాయి. ఆమె స్వయంగా ఆ దారినే చదువుకున్నారు, తర్వాత లా పట్టా తీసుకున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ మండలి వయోజన స్త్రీల కోసం కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. మద్రాసులో ఒక ఇంటి వసారాలో సరిపోయే పనిని దేశమంతటి పథకంగా మార్చడం ఓడిపోయినవాళ్ళు తలదాచుకోవడం ఎలా అవుతుంది? ఇవాళ కోచింగుకు అమీర్‌పేట పెట్టింది పేరు. మైత్రీవనం చుట్టూ హాస్టళ్ళలో జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు నిండి ఉన్నారు. పరీక్షకు తయారుచేయడం కూడా స్త్రీ విముక్తి పనేనని ముందుగా పట్టుకున్నవాళ్ళలో ఆమె ఒకరు.

నేను పేచీ పడే రెండో పక్షం మరింత బలమైనది, వాళ్ళు నా మిత్రులు కూడా. స్త్రీల స్థితిగతులపై 1974లో వచ్చిన ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’ నివేదిక తర్వాత ఎదిగిన పరిశోధకులు సంక్షేమ దృష్టినే తప్పుపట్టారు. స్త్రీని హక్కుదారుగా చూడకుండా సాయం పుచ్చుకునే మనిషిగా చూశారన్నది వాళ్ళ అభియోగం. ఆ విమర్శలో న్యాయం ఉంది. ఆరో ప్రణాళిక దాకా స్త్రీలకు ప్రత్యేక అధ్యాయమే లేకపోవడం మామూలు లోటు కాదు. కానీ వాళ్ళు పథకం పేరు చదివారు, పథకం నడిచిన తీరు చదవలేదు. మండలి గ్రాంటు కావాలంటే సంఘం రిజిస్టరై ఉండాల్సి వచ్చేది, కార్యవర్గం ఉండాల్సి వచ్చేది, లెక్కలు ఆడిట్ కావాల్సి వచ్చేది. అంతవరకూ ఇంటి ఖర్చు కూడా తన చేతిలో లేని స్త్రీ కోశాధికారి అయింది, వోచరు మీద సంతకం పెట్టింది, తీర్మానం ప్రతిపాదించింది, ఇంకొకరు దాన్ని బలపరిచారు. రాజ్యాంగ సభలో దుర్గాబాయి చేసిన పని ఇదే కదా! రాజ్యసభ సభ్యత్వానికి వయసు ముప్ఫై అయిదు నుంచి ముప్ఫైకి తగ్గించాలని సవరణ ప్రతిపాదించిన మనిషికి, సవరణ ఎలా పెట్టాలో వీధివీధికీ నేర్పడం చిన్న పనిగా తోచలేదు. ‘ది స్టోన్ దట్ స్పీకెత్’ పేరుతో ఆంధ్ర మహిళా సభ చరిత్రను ఆమె రెండు సంపుటాలుగా రాశారు. సంస్థ చరిత్ర తన ఆత్మకథలో ఇమిడేది కాదని ఆమెకు తెలుసు. మన చరిత్రకారులు ఆత్మకథ ‘చింతామన్ అండ్ ఐ’ చదివి, ఈ సంపుటాలను పక్కన పెట్టారు.

అమీర్‌పేట దాటి యూసుఫ్‌గూడ వైపు వెళితే మహిళల సాంకేతిక శిక్షణ సంస్థకు ఆమె పేరు కనిపిస్తుంది. బోర్డు మీద పేరుంటే చాలదు. ఆమె పద్ధతి ఈ వీధుల్లో ఎలా నిలిచిందో చూపాలి. ఇప్పుడు నేను చేస్తున్న పని అదే.

ఈ మధ్య పంజగుట్ట వెనక కాలనీలో ఒక భజన మండలి ఖాతా పుస్తకం నా చేతికొచ్చింది. పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. జమ వైపు ప్రతి గురువారం హారతి పళ్ళెం డబ్బులు. ఖర్చు వైపు కొబ్బరికాయలు, కర్పూరం, ప్రసాదానికి రవ్వ, వాటి కిందే కుట్టుమిషన్ బెల్టు, ఒక అమ్మాయి పరీక్ష ఫీజు, పురిటికి వెళ్ళిన సభ్యురాలికి ఆటో. దేవుడి ఖర్చుకీ మనిషి ఖర్చుకీ మధ్య గీత కూడా గీయలేదు. నెల చివర ఇద్దరి సంతకాలున్నాయి, ఒకటి వేలిముద్ర. పరిశోధన పత్రాల్లో ఈ మండలిని భక్తి కింద ఒకరు వేస్తారు, సంక్షేమం కింద ఇంకొకరు వేస్తారు. దాన్ని నడిపిన స్త్రీ జీవితంలో ఇల్లు, పూజ, పక్కింటి పిల్ల ఫీజు అన్నీ ఒకే రోజులో జరిగిపోయాయి. దుర్గాబాయిని రెండు ముక్కలు చేసిన చేతులే ఈమెనూ ముక్కలు చేస్తున్నాయి.

అందుకే ఈ సభలో అడుగుతున్నాను. మీ అత్తగార్లు, పెద్దమ్మలు నడిపిన మహిళా మండళ్ళు, సత్సంగాలు, చర్చి మహిళా సమాజాలు, మసీదు పక్క కుట్టు కేంద్రాలు ఏవైనా సరే, వాటి మినిట్స్ పుస్తకాలు, రసీదు పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టర్లు పాత పేపర్లవాడికి వేయకండి. అట్టలూడినా తీసుకుంటాను. చెదపట్టినవి విడిగా గుడ్డలో కట్టివ్వండి. అసలు పుస్తకం ఇవ్వడం ఇష్టం లేకపోతే మీ ఇంట్లోనే కూర్చుని ఫొటోలు తీసుకుని వెళతాం. సంతకాలు చేసినవాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళెవరో మాత్రం ఇవాళ సభ అయ్యాక చెప్పి వెళ్ళండి. ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.