కొండపొలం: నాన్న దగ్గరుండే చదువు
ఈరోజు పుస్తకం ‘కొండపొలం’. రాసింది మన కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు. 2019లో తానా నవలల పోటీలో గెలిచింది. 2021లో క్రిష్ సినిమా తీశారు. సినిమాలో లవ్ స్టోరీ కలిపారు. నవలలో నాకు కనిపించిన ప్రేమ మాత్రం తండ్రీకొడుకులది.

కరువొచ్చి ఊర్లో నీళ్లు, మేత లేకపోతే గొర్లను నల్లమలకు తోలుకుపోతారు. దాన్నే కొండపొలం అంటారు. చదువుకున్నా ఉద్యోగం రాని రవి నాన్నతో పోతాడు. దాహం, పులి భయం, రాత్రి కాపలా. ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లోడికి అడవే ధైర్యం నేర్పుతుంది.

సీమలో చాలా ఇండ్లలో ఎండిన బోర్లు, అప్పులే మిగిలినాయి. కానీ కరువును ఈదిన తెలివి కూడా ఉంది. మనం బీటెక్ చేసి సిటీకొచ్చేస్తే అది నాన్నతోనే ఆగిపోతాది. ఈసారి ఊరికి పోయినప్పుడు అడగండి: “నాయినా, ఆ కరువులో ఎట్లా నెట్టుకొచ్చినారు?”