ఓడెక్కే ముందు ఒక రాత్రి



ఓడ ప్రయాణమనేసరికి మన ఆడవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఓడను గురించే. కడుపులో తిప్పుతుందా, అన్నం మన నోటికి పడుతుందా, పిలకాయలు కమ్మీల మీదికి ఎగబాకరు గదా, ఇవే. ఓడెక్కే ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా అని అడిగినవాళ్లు నాకింతవరకూ కనబడలేదు. నన్నడిగితే ప్రయాణం సుఖమా కష్టమా అన్నది సగం ఆ రాత్రితోనే తేలిపోతుంది. ఈ వేళ ఆ ముచ్చటే చెబుతాను.

మనది సముద్రపుటొడ్డు. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, ఎక్కడ నిలబడి చూసినా ఎదురుగా నీళ్లే. కృష్ణపట్నంలో 2008 నుంచి పెద్ద రేవు నడుస్తోంది. అక్కడికి వచ్చేవి సరుకుల ఓడలు. మనుషులు ఎక్కే ఓడ కావాలంటే మనం చెన్నైకి పోవాల్సిందే. విశాఖపట్నం నుంచి కూడా అండమాన్‌కు ఓడ వుందిగానీ, మన నెల్లూరికి విశాఖ 600 కిలోమీటర్లు, చెన్నై 175. ఇక దగ్గరేదో చెప్పనక్కరలేదు. మన పెద్దవాళ్లు కూడా అటే పోయారు. 1899లో నెల్లూరికీ మద్రాసుకూ రైలు కలవక మునుపు బకింగ్‌హాం కాలువలో పడవలే దారి. గాలి వుంటే తెరచాప, లేకుంటే గట్టున నడుస్తూ తాడు లాగేవాళ్లు. వుప్పూ, కట్టెలూ, మనుషులూ అన్నీ అదే పడవలో. అట్లా పోయేవాళ్లు దారిలో రాత్రి ఎక్కడ ఆగాలి, ఎక్కడ వండుకోవాలి అని ముందే అనుకుని మరీ బయలుదేరేవాళ్లట. మనం మూడు గంటల్లో రైలు దిగుతున్నామని ఆ ఆలోచనే మానేశాం.

మా ప్రయాణం అండమాన్‌కు. మా ఆడబిడ్డ కూతుర్ని అక్కడ వుద్యోగం చేసే అబ్బాయికిచ్చాం. పోర్ట్‌బ్లెయిర్ అనే పేరు 2024లో శ్రీ విజయపురమని మార్చారు, మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ అది అండమానే. ఆవిడకు 72 ఏళ్లు. పుట్టిందీ మెట్టిందీ సముద్రపు గాలిలోనేగానీ ఓడ మెట్టు ఎక్కి ఎరగదు. మనవరాలి బిడ్డను ఎత్తుకోవాలని ఒక కోరిక, ఓడ ఎక్కాలని ఒక కోరిక. మోకాళ్లు రెండూ సహకరించవు. విమానంలో రెండు గంటల్లో పోవచ్చు గదా అన్నారు మావారు. “నేను పోయేది సముద్రం మీద, సముద్రం పైన కాదు” అన్నది ఆవిడ. ఇక మాట లేదు. ఆవిడ, మేమిద్దరం, ఇంటరు చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి, అయిదుగురం.

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం మీద సుమారు 1,370 కిలోమీటర్లు. రెండున్నర రోజులు కొన్నిసార్లు మూడు రోజులు పడుతుంది. ఇది విలాసపు ఓడ కాదు, ప్రజలు రాకపోకలు చేసే ఓడ. బంకులు వుంటాయి, క్యాబిన్లు వుంటాయి, ఎవరి డబ్బును బట్టి వాళ్లది. విలాసానికి పోయే ఓడ వేరే. 2022 జూన్‌లో చెన్నై నుంచే ఎంప్రెస్ అనే విహార నౌక బయలుదేరి మన విశాఖకు కూడా వచ్చింది. అందులో ఈతకొలనులూ, నాటకాలూ వుంటాయి. ఏ ఓడయినా సరే, ఒక్క సంగతి మాత్రం ఒకటే. రైలు తప్పితే ఇంకో రైలు వుంది. ఓడ తప్పితే ఇంటికి తిరిగి రావటమే. బయలుదేరే వేళకు చాలా గంటలు ముందే రేవు గేటు దగ్గర వుండాలి. సామాను తనిఖీ, గుర్తింపు కాగితాలు, ఆ తరువాత లోపలికి. అందుకని ఆ రోజు తెల్లవారుజామున నెల్లూరులో రైలెక్కి మధ్యాహ్నం ఓడ అందుకుందామనే లెక్కలు వద్దు. ముందు రోజు పినాకిని ఎక్కండి, మధ్యాహ్నానికి సెంట్రల్‌లో వుంటారు. సాయంత్రం మీది, రాత్రి మీది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తుఫానుల కాలం మీకు తెలియంది కాదు. ఆ రోజుల్లో ఓడ తేదీ ఒకటి రెండు రోజులు జరగటం కద్దు. మేము సంక్రాంతి వెళ్లాకనే పెట్టుకున్నాం.

ఇప్పుడు బస సంగతి. మావారి పినతల్లి కొడుకు త్యాగరాయనగరంలో వుంటాడు. “ఇల్లుండగా లాడ్జీకి డబ్బులెందుకు” అని మా ఇంట్లో మొదలయింది. నేను వద్దన్నాను. కారణాలు చెప్పాను. అది రెండు గదుల ఇల్లు. వాళ్లు నలుగురు, మనం అయిదుగురు. తెల్లవారి లేచి తొమ్మండుగురు ఒక స్నానాలగది ముందు నిలబడాలి. చెన్నైలో నీళ్ల సంగతి తెలిసిందే. 1996 నుంచి మన కండలేరు మీదుగా కృష్ణ నీళ్లు పూండికి పోతున్నా 2019 ఎండల్లో ఆ వూరు ఎంత అల్లాడిందో చూశాం. ఆపైన వచ్చిన చుట్టాలకు ఆ ఇల్లాలు రాత్రి వంట చెయ్యాలి. ఆమె చేస్తుంటే నేను కూర్చోలేను, నేనూ వంటింట్లోకి పోవాలి. పదకొండింటికి గిన్నెలు కడిగి, నాలుగింటికి లేచి, ఎర్రకళ్లతో ఓడెక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, తెల్లవారి త్యాగరాయనగరం నుంచి రేవుకు వూరు ఆ చివర నుంచి ఈ చివరకు దాటాలి. ఆ బండ్ల రద్దీలో చిక్కుకుంటే మన ఓడ మన కళ్లముందే పోతుంది. చుట్టాన్ని చూడాలంటే తిరిగి వచ్చేటప్పుడు పళ్లు తీసుకుని పోయి చూడవచ్చు. అప్పుడు వాళ్లకూ సంతోషం, మనకూ తీరిక. మా అత్తగారు ఈ మాటకు నా పక్షాన నిలబడింది. ఆశ్చర్యపోకండి, ఇది నిజం.

మరి లాడ్జీ ఏ పేటలో? రేవుకు దగ్గరగా. సెంట్రల్ స్టేషను చుట్టూ, పెరియమేటలో, ఎగ్మూరు స్టేషను ఎదుటి వీధుల్లో మధ్యతరగతి లాడ్జీలు బోలెడున్నాయి. ఇక్కడి నుంచి రేవుకు ఆటోలో కొద్ది దూరం. జార్జిటౌను అయితే రేవుకు ఇంకా దగ్గర, మన తెలుగువాళ్లు తరతరాలుగా వున్న పేట, కన్యకాపరమేశ్వరి గుడి కూడా అక్కడే. అయితే ఆ సందుల్లో రాత్రంతా సరుకుల బండ్ల చప్పుడు, పెద్ద సామానుతో ఆటో లోపలికి రావటం కష్టం. మేము సెంట్రల్ పక్కనే తీసుకున్నాం. రైలు టిక్కెట్టు ఖాయంగా వున్నవాళ్లకు స్టేషనులోనే రిటైరింగ్ రూములు వుంటాయి, దొరికితే అంతకంటే సుఖం లేదు. ముందుగా అడిగి పెట్టుకోవాలి.

సెల్‌ఫోనులో గది బొమ్మ చూసి డబ్బు కట్టేయకండి. బొమ్మలో పరుపు మీద తెల్లదుప్పటి కనబడుతుంది, దుప్పటి కింద ఏముందో కనబడదు. మా తోడికోడలు వాళ్లు ఒకసారి అట్లాగే ఒక లాడ్జీకి పోయారు. లిఫ్టు వుందన్నారు. వుంది, నిజమే. మూడో అంతస్తు దాకా. వీళ్ల గది నాలుగో అంతస్తు. ముసలాయనను ఆ ఆఖరి మెట్లు ఎక్కించేసరికి చెమటలు పట్టాయి. అందుకని నేను ఫోను చేసి నోటితో అడుగుతాను. లిఫ్టు మా గది అంతస్తు దాకా వస్తుందా? కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా? కుర్చీ మరుగుదొడ్డి వుందా? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది లేకపోతే మిగతా సౌకర్యాలన్నీ దండగ. స్నానానికి వచ్చే నీళ్లు వుప్పగా వుంటాయా? గది ఎన్ని గంటలకు ఖాళీ చెయ్యాలి? ఈ చివరి ప్రశ్న మరవవద్దు. కొన్ని లాడ్జీల్లో మీరు దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్క. కొన్నిచోట్ల మీరు ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నం 12కు ఖాళీ చెయ్యాలి. ఓడ సాయంత్రానికి జరిగిందనుకోండి, సామానుతో వీధిలో నిలబడాల్సింది మనమే. అవసరమైతే ఇంకో రోజు వుండనిస్తారా అని కూడా ముందే అడగండి. మగవాళ్లు ఇవన్నీ అడగటానికి నామోషీ పడతారు. మనమే అడుగుదాం. అవతలివాడు విసుక్కుంటే ఆ లాడ్జీ వద్దు.

మేము అయిదుగురికి రెండు గదులు తీసుకున్నాం. ఒక గదిలో అదనంగా పరుపు వేయించుకుని సర్దుకుంటే సగం డబ్బు మిగిలేది. కానీ ముసలావిడ రాత్రి రెండుసార్లు లేస్తుంది, పిల్లవాడు నిద్రలో తంతాడు. ముందుముందు మూడు రాత్రులు బంకుల్లో పడుకోవాల్సినవాళ్లం. ఆ ఒక్క రాత్రి కాళ్లు చాపుకుని నిద్రపోవటానికి నా చీటీ డబ్బులోనుంచి నేనే ఇచ్చాను.

వూరు చూడటం విషయంలో పిల్లలు పెద్ద పట్టిక రాసుకున్నారు. మహాబలిపురం, వండలూరు జంతువుల పార్కు, పాండీబజారు. నేను మూడూ కొట్టేశాను. మహాబలిపురం పోయిరావటానికే ఒక రోజు కావాలి. ఓడెక్కే ముందు రోజు ఎండలో తిరిగి కాళ్లు వాచిన ముసలావిణ్ణి ఓడ మెట్లెవరు ఎక్కిస్తారు? చీరలు కొని ఆ మూటలు అండమాన్ దాకా మోయటం తెలివైన పనీ కాదు.

ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం వుంది. 1851లో పెట్టింది. శుక్రవారం సెలవు, అది చూసుకుని పోవాలి. నీడ పట్టున నడవవచ్చు, అలిసినవాళ్లు ఒకచోట కూర్చోవచ్చు. అక్కడ మన అమరావతి రాళ్లున్నాయి. 1845లో ఎలియట్ అనే దొర స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు పంపినవి కొన్ని లండనుకు పోయాయి, మిగిలినవి ఇక్కడ. మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసే బొమ్మ ఒకటుంది. వీధిలో జనం పరిగెత్తటం, మిద్దె మీదినుంచి ఆడవాళ్లు తొంగిచూడటం, అన్నీ ఒకే రాతిలో చెక్కారు. మా అమ్మాయి దాని ముందు నుంచి కదలలేదు. చరిత్ర పుస్తకంలో ఒక మార్కు ప్రశ్నగా చదివిందట. పాలరాతిలాంటి ఆ రాయి కృష్ణ ఒడ్డుదని చెప్పేసరికి మా అత్తగారు “మనదే అయితే ఇక్కడెందుకు పెట్టారు” అని అడిగింది. మావారు మద్రాసు రాష్ట్రం కథంతా చెప్పబోయి, సగంలో ఆవిడ కునుకు తీయటం చూసి ఆపేశారు.

సాయంత్రం చల్లబడ్డాక తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడికి పోయాం. రేవుకు దగ్గర. 1677లో శివాజీ వచ్చి దర్శనం చేసుకున్నాడని అక్కడివాళ్లు చెబుతారు. గుడి నుంచి వచ్చేదారిలో హైకోర్టు కనబడుతుంది. ఆ కట్టడం మీద ఎత్తయిన గోపురంలో 1894 నుంచి ఓడలకు దీపం వెలిగేది. 1977లో మెరీనాలో కొత్త దీపస్తంభం వచ్చాక ఇది మానింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మనీ ఓడ చీకట్లో వచ్చి ఈ రేవు మీదనే గుండ్లు పేల్చి నూనె ట్యాంకులు తగలబెట్టింది. మద్రాసు జనం దొరికిన బండి ఎక్కి పల్లెలకు పరుగెత్తారు. మా అబ్బాయికి చూసినవాటన్నిటికంటే ఈ కథే నచ్చింది. ఆటోలోనుంచే చూశాం, దిగలేదు. చూసింది చాలునని ఏడింటికల్లా లాడ్జీకి చేరాం.

రాత్రి భోజనం తేలికగా వుండాలి. పిల్లలు బిరియానీ అన్నారు. ఓడెక్కేవాడి కడుపులో మసాలా పెట్టి పంపకూడదని ఇడ్లీ, పెరుగన్నం తెప్పించాను. కందిపొడి, నిమ్మకాయ వూరగాయ, మరమరాలు ఇంటినుంచే తెచ్చుకున్నాం. తల తిప్పేవాళ్లు బిళ్ల సంగతి ఇంటి దగ్గరే డాక్టరును అడగండి, రక్తపోటు మందులు వాడేవాళ్లయితే మరీనూ. మందులూ, టిక్కెట్లూ, అందరి ఆధార్ అసలు కార్డులూ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి పెద్దపెట్టెలో కాకుండా మన భుజాన వుండాలి. లాడ్జీలో కార్డులు నకలు తీసుకుని తిరిగి ఇచ్చారో లేదో లెక్కపెట్టుకోండి. పొద్దున ఆటో కోసం వీధిలో వెతకక, రాత్రే లాడ్జీవాళ్లతో రెండు ఆటోలు మాట్లాడించి పెట్టండి. అయిదుగురు, మూడు పెట్టెలు ఒక ఆటోలో పట్టవు.

మా అత్తగారు ఆ రాత్రి ఒక్కసారే లేచింది. పొద్దున రేవు దగ్గర ఓడ పక్కన నిలబడి తలెత్తి చూసి, “ఇంత పెద్దదా, మనకు దూరంగా వక్కపలుకంత కనబడేది” అన్నది. మెట్లు నెమ్మదిగా ఎక్కింది. మావారు ముందు, నేను వెనక.

తిరుగు ప్రయాణానికి ఒక మాట. ఓడ తిరిగి చెన్నై చేరే గంట ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అదే పూటకు నెల్లూరు రైలు టిక్కెట్టు కొనకండి. ఒక రాత్రి మళ్లీ ఆ లాడ్జీలోనే ఆగి, మర్నాడు త్యాగరాయనగరం చుట్టాలనూ పాండీబజారునూ చూసుకుని, సాయంత్రపు బండికి రండి. దిగగానే ఒక పూటపాటు నేల వూగినట్టే వుంటుంది, భయపడవద్దు, పెద్దవాళ్ల చెయ్యి మాత్రం పట్టుకోండి.