మందుల చీటీ జేబులో ఉండాలి



ఒక రాత్రి మా అమ్మీ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరుగారు మొదట అడిగింది, "ఏయే మందులు వాడుతున్నారు?" అని. "పొద్దున ఒక తెల్లబిళ్ళ, రాత్రి ఒక పచ్చబిళ్ళ" అన్నాను. అంతకు మించి నాకు తెలియదు. తమ్ముడు ఇంటికెళ్ళి మందుల సంచి తెచ్చేసరికి గంట పట్టింది. చూస్తే ఏముంది? ఇద్దరు డాక్టర్లు రాసిన ఒకే బి.పి. మందు రెండు పేర్లతో ఉంది. ఆమె రెండూ మింగుతోంది! అల్లాహ్ దయవల్ల కోలుకుంది.

పేరు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. క్రోసిన్, కాల్‌పాల్, డోలో ఈ మూడింటిలోనూ ఉన్నది పారాసిటమాలే. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. వార్ఫరిన్ వాడేవారు నొప్పికని ఆస్ప్రిన్ వేసుకుంటే రక్తస్రావం కావచ్చు.

కనుక ఒక కాగితం తీసుకోండి. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు, ఎందుకు, ఎవరు రాశారు, ఇవన్నీ రాయండి. యునానీ మందులు, లేహ్యాలు, దుకాణంలో అడిగి కొన్న బిళ్ళలు కూడా చేర్చండి. పడని మందును ఎర్రసిరాతో రాయండి. మందు మారిన రోజే పాతది కొట్టేసి తేదీ వేయండి. షుగరు ఉన్నవారు రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి, మారిన వేళలు రాసుకోవాలి. రెండు మందులు ఒకటేనని తోస్తే మీరే మానేయకండి, చీటీ డాక్టరుకు చూపండి.

ఒక ప్రతి జేబులో, ఒకటి ఇంట్లో ఉంచండి. ఈ రాత్రే పెద్దవాళ్ళ మందుల సంచి ముందేసుకుని కూర్చోండి. ఖుదా హాఫిజ్.