పక్షుల ఛాయాచిత్రములు - వర్గీకరణ విధానము



గ్రంథాలయమునకు పుస్తకములతోపాటు ఛాయాచిత్రములును చేరుచుండుట ఈ దినములలో సర్వసాధారణమైనది. చేతిఫోనుతో చెరువుగట్టునకు పోయిన పిల్లవాడు సాయంకాలమునకు 40 పక్షిచిత్రములతో తిరిగివచ్చును. చిత్రము తీయుట సులభమైనది గాని, కావలసిననాడు దానిని వెదకి చూపుట సులభము కాలేదు. పెట్టెలో కుప్పగా పోసిన చిత్రములకును, కళ్లములో తూర్పారబట్టని ధాన్యమునకును భేదమేమున్నది?

ఎవ్వరికైనను మొదట తోచు మార్గము రంగు. నల్లనివన్నియు ఒకచోట, తెల్లనివన్నియు వేరొకచోట. ఈ మార్గము కోకిలయొద్దనే తప్పిపోవును. మగకోకిల నిగనిగలాడు నలుపు. ఆడుకోకిల గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు గలది. రంగును బట్టి పంచినచో ఆలుమగలు చెరియొక పెట్టెలో పడుదురు. మగకోకిల పోయి కాకుల సరసన కూర్చుండును. కాకి గూటిలో గ్రుడ్లుంచి, దానిచేతనే పిల్లలను పెంచించుకొనుటచేత ఈ పక్షికి పెద్దలు పరభృతమని పేరిడిరి. పెట్టెలోనైనను దానిని మరల కాకికి అప్పగింపరాదు. గుడ్డికొంగ సంగతి ఇంకను వింత. నీటియంచున కదలక నిలిచినపుడు అది మట్టిరంగు. ఎగిరిన మరుక్షణమున రెక్కలు తెల్లన. ఒకే పక్షిని ఒకే నిమిషమున తీసిన రెండు చిత్రములు రెండు వర్గములకు పోవలసివచ్చును. మగ గిజిగాడు గూడల్లు ఋతువున పసుపువన్నె తల దాల్చి, తక్కిన కాలమున ఆడుపిచ్చుకను పోలియుండును.

పేరును బట్టి అకారాదిగా అమర్చుట రెండవ మార్గము. అది నిఘంటువునకు తగినది. కొంగ యను ఒక్కమాట క్రింద ఎన్ని వేర్వేరు పక్షులు దాగియున్నవో! నారాయణపక్షి ఒక కుటుంబమునకు, నత్తగుల్లకొంగ మరియొక కుటుంబమునకు చెందినవి. నారాయణపక్షి మెడను మడిచికొని ఎగురును. నత్తగుల్లకొంగ మెడను ముందునకు చాచి ఎగురును. ఆ రెండవదాని ముక్కు మూసికొన్నను నడుమ సందు కనబడుచుండును. ఎగురునపుడు తీసిన చిత్రము ఈ భేదమును పేరుకన్న స్పష్టముగా చెప్పును. కావ్యనామములను చిత్రములకు అంటించుటలో ఇంకను జాగరూకత వలయును. కవులు వర్ణించిన రాజహంస ఏ పక్షియో పండితులలో ఏకాభిప్రాయము లేదు.

రాష్ట్రపక్షులకు వేరొక పెట్టె యుండవలెనని కొందరు ముచ్చటపడుదురు. పాలపిట్ట సమైక్య ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి. 2014లో తెలంగాణ దానిని తనదిగా స్వీకరించినది. 2018లో ఆంధ్రప్రదేశము రామచిలుకను ప్రకటించినది. ప్రభుత్వపు ఉత్తరువుతో ఏర్పడిన పెట్టె ఉత్తరువుతోనే మారును.

ఇక నిలుకడ గల మార్గమేది? పక్షుల బంధుత్వము. అమరసింహుడు పక్షులను సింహాదివర్గమున మృగములతో కలిపి చెప్పెను; పదములు నేర్చువానికి అది చాలును. స్వీడను దేశీయుడు లిన్నేయసు 1758లో ముక్కును, కాళ్లను ముఖ్యముగా పరికించి పక్షులను ఆరు గణములుగా విభజించెను. నేడు లోకమున లెక్కకు వచ్చిన పక్షిజాతులు ఇంచుమించు 11,000. బంధుత్వనిర్ణయమునందును మార్పులు లేకపోలేదు. బైరిడేగ తక్కిన డేగలకంటె చిలుకలకే దగ్గరి చుట్టమని 2008లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది! అందుచేత చిత్రముపై కుటుంబనామమును సిరాతో వ్రాయరాదు. చిత్రమునకు వచ్చిన వరుసలో ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యనే దానిపై వ్రాయవలెను. పేరు, కుటుంబము రిజిస్టరులో నుండవలెను. పెట్టె మారినను సంఖ్య మారదు.

చిత్రము ఒక్క పెట్టెలోనే యుండును గాని, దానికై వచ్చువారు పలుత్రోవల వత్తురు. ఒకరు శీతకాలమున వచ్చు పక్షులను అడుగుదురు. ఒకరు గూళ్లను, ఒకరు నేలపట్టున దిగు గూడబాతులను అడుగుదురు. ఒకే విషయమును పలుముఖములనుండి చూడవచ్చునను తత్త్వముపై రంగనాథన్ గారు 1933లో కోలన్ వర్గీకరణమును నిర్మించిరి. పల్లెవారికి ఇది కొత్త కాదు. కరణముల కాలపు గ్రామలెక్కలలో ఒకే పొలము అడంగలున సర్వేనంబరు వరుసను, వేరొక లెక్కలో పట్టాదారు వరుసను కనబడెడిది. పొలము రెండుగా చీలలేదు. దానిని చేరు దారులు రెండైనవి. అటులనే చిత్రములను కుటుంబము చొప్పున పెట్టెలలో నుంచి, చోటు, నెల, ఆడుమగ భేదము, చేయుచున్న పని అను గళ్లతో రిజిస్టరు నడుపవలెను.

ఈ గళ్లలో చోటును, తేదీని ఎన్నడును విడువరాదు. 1990 ప్రాంతమువరకు ఊరిబయట పశుకళేబరము పడినచో రాబందులు గుంపులుగా వాలెడివి. పశువుల నొప్పులకిచ్చు డైక్లోఫినాక్ అను మందు ఆ మాంసముద్వారా వాని మూత్రపిండములను చెరిచినది. కారణము 2004లో బయటపడగా, 2006లో భారతప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. ఈలోపుననే దేశమందలి తెల్లనడుము రాబందులలో 100కి 99 పాళ్లకు పైగా నశించినవి. ఇప్పుడు ఏ ఇంటి అలమరనుండియో పాత రాబందు చిత్రము బయటపడవచ్చును. వెనుక ఊరిపేరును, సంవత్సరమును ఉన్నచో అది సాక్ష్యము. లేనిచో గోడకు అలంకారము. ఆ వివరములు చెప్పగల ముసలివారు ఉన్నపుడే అడిగి వ్రాసికొనుట మేలు.

గుర్తు తెలియని పక్షులకు విడిగా ఒక పెట్టె యుండనిండు. దానికి సిగ్గుపడ బనిలేదు. ఊహించి పేరు వ్రాయుటకన్న ఖాళీగడి మేలు. సలీం ఆలీ గారు 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల పుస్తకమువంటి గ్రంథమును ప్రక్కన నుంచుకొని, ఏడాదికొకమారు ఆ పెట్టెను తెరచి ముక్కులను, కాళ్లను సరిపోల్చవలెను. తేలినవి తమ కుటుంబమునకు పోవును; తేలనివి తమ సంఖ్యతో అక్కడనే యుండును.